పుంజు మనది, నిద్ర పక్కింటివాళ్లది

(ప్రపంచ ఆదివాసీ దినోత్సవం సందర్భంగా జరిగిన యువజన సభలో ఒక గిరిజన బాలికల వసతి గృహం వార్డెన్ చేసిన ప్రసంగ పాఠం)



ఈ ఆగస్టు 9 ఎందుకొచ్చిందో మీకు తెలుసు. ఐక్యరాజ్యసమితిలో ఆదివాసీల సమస్యల మీద వేసిన కార్యవర్గం మొదటిసారి కూర్చున్నది 1982లో ఈ రోజే. ఆ గుర్తుగా 1994లో దీన్ని మన రోజుగా ప్రకటించారు. ఇప్పటిదాకా పెద్దలు భూమి గురించి, భాష గురించి, ఉద్యోగాల గురించి మాట్లాడినారు. మమ్మల్ని ‘మన అలవాట్లు, నేటి యువత’ అనే విషయం మీద నాలుగు మాటలు చెప్పమన్నారు. మేము కోడిపుంజు గురించి చెప్తాం. నవ్వండి, ఫర్వాలేదు. మా హాస్టల్ పిల్లలు కూడా మొదట నవ్వినారు.

ముందు ఒక ప్రశ్న. మీలో ఎంతమంది తండాలో ఇల్లు వదిలి కాలనీకో, టౌనుకో వచ్చి ఉంటున్నారు? చేతులెత్తండి. చూసినారా, సగానికి పైనే. అందులో ఇంట్లో కోళ్లున్నవాళ్లు? ఇంకా చాలా చేతులున్నాయి. ఆ కోడి కూత మీద పక్కింటివాళ్లతో మాట పడినవాళ్లు? నవ్వుతున్నారు గానీ చెయ్యి ఎత్తడం లేదు. సరే, మేమే ముందు ఎత్తుతాం. మేము పడినాం.

దేశంలో చాలా తక్కువ వాన పడే జిల్లాల్లో మన అనంతపురం ఒకటి అని చిన్నప్పటి నుంచీ వింటున్నాం. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టూ పడుతుంది. అది కూడా పడాల్సినప్పుడు పడదు. ఎర్రనేలలో చెనక్కాయ వేస్తాం, ఊడ దిగే వేళకు వాన ముఖం చాటేస్తుంది. అట్లాంటి ఏడు ఇంట్లో చేతికి డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది? మేకపిల్ల నుంచి వస్తుంది, కోడి నుంచి వస్తుంది. మా ఇంట్లో బడి ఫీజు కట్టింది పుంజే. సంతలో పుంజును అమ్మి, ఆ డబ్బుతో మాకు నోటు పుస్తకాలు కొన్న రోజులు మాకింకా గుర్తే. అందుకని, ‘కోడి గోల ఎందుకు, అమ్మేయండి’ అని ఎవరైనా తేలిగ్గా అంటే మాకు కోపం వస్తుంది. అది వాళ్లకు గోల, మనకు బ్యాంకు.

అయితే రెండో పక్క కూడా చూడాల. తండాలో ఇంటికీ ఇంటికీ మధ్య కల్లం ఉంటుంది, చింతచెట్టు ఉంటుంది, పశువుల పాక ఉంటుంది. పుంజు కూస్తే ఆ కూత గాలిలో కలిసిపోతుంది. పైగా అక్కడ తొలికోడికి అందరూ లేవాల్సినవాళ్లే. ఇప్పుడు మనం ఎక్కడున్నాం? ప్రభుత్వం ఇచ్చిన ఇళ్ల స్థలం పల్లెలో సెంటున్నర, టౌనులో ఒక సెంటు. సెంటంటే నలభై ఎనిమిది గజాల చిల్లర. మన గోడే వాళ్ల గోడ. మన పుంజు మెడ చాచిందంటే అది కూసేది పక్కింటి కిటికీలోకే. ఆ కిటికీ లోపల రాత్రి డ్యూటీ చేసి వచ్చిన మనిషి ఉండొచ్చు, పసిబిడ్డ ఉండొచ్చు, జబ్బుమనిషి ఉండొచ్చు.

‘నా కోడీ, నా కుంపటీ లేకపోతే ఊరికి తెల్లారదు’ అనుకున్న ముసలమ్మ సామెత మీకు తెలుసు కదా. మేము కొన్నాళ్లు ఆ ముసలమ్మ మాదిరే ఉన్నాం. ఆ కథ చెప్తాం.

మా హాస్టల్లో వంటగది వెనక కొంచెం జాగా ఉంది. పిల్లలు తినగా మిగిలిన అన్నం, కూరగాయల తొక్కలు అక్కడ పడేసేవాళ్లం. దసరా సెలవులకు పోయి వస్తూ ఒక ఎనిమిదో తరగతి పాప వాళ్ల అవ్వ ఇచ్చిన నాటుకోడి పెట్టను, కొన్ని గుడ్లను తెచ్చింది. పెట్ట పొదుగు మీద కూర్చుంది. ఇరవై ఒక్క రోజులకు పిల్లలు దిగినాయి. పిల్లలకు పండగే పండగ. మాకూ బాగానే ఉండింది. బీఈడీలో మేము చదువుకున్నది అదే కదా, చూసి నేర్చుకోవాల, చేసి నేర్చుకోవాల అని. కొక్కెర తెగులుకు టీకా చుక్కలు ఎప్పుడు వేయాల్నో, గింజ ఎంత వేయాల్నో, అన్నీ పిల్లలే ఒక నోటుబుక్కులో రాసుకున్నారు.

ఫిబ్రవరి వచ్చేసరికి వాటిల్లో రెండు పుంజులు కూత నేర్చినాయి. మొదట గొంతు పట్టిన మనిషి మాదిరి కూసేవి, అప్పుడు అందరం నవ్వుకున్నాం. నెల తిరిగేలోపు గొంతు తెరుచుకుంది. రాత్రి ఒంటిగంటకే ఒకటి మొదలుపెట్టేది, రెండోది జవాబిచ్చేది, ఇంక తెల్లవారేదాకా ఆగేది లేదు. మా పదో తరగతి పిల్లలే వచ్చి చెప్పినారు, “మేడం, నిద్ర పట్టడం లేదు” అని. “తండాలో పుట్టినవాళ్లకు కోడి కూతకు నిద్ర పట్టదా?” అని మేము కొట్టిపారేసినాం. అది మా మొదటి తప్పు.

మార్చిలో హాస్టల్ వెనకింటి ఆమె వచ్చింది. నర్సు పని చేస్తుంది. వాకిట్లోనే నిలబడి, చాలా మెల్లగా మాట్లాడింది. “మేడం, వారంలో మూడు రాత్రులు నాకు డ్యూటీ. ఇంట్లో ఉన్న రాత్రన్నా నిద్రపోదామంటే మీ కోళ్లు పడనీయడం లేదు. మా అబ్బాయి కూడా పది పరీక్షలు రాస్తున్నాడు” అనింది. మేము ఏమన్నామో తెలుసా? “కోడి నోటికి తాళం వేయలేం కదమ్మా” అన్నాం. ఆమె ఇంకొక మాట అనకుండా వెళ్లిపోయింది. తర్వాత మాకే సిగ్గేసింది.

మరుసటి వారం వీధి చివరింటి పెద్దాయన వచ్చినాడు. ఈయన మెల్లగా మాట్లాడలేదు. గేటు దగ్గర నిలబడి, పిల్లలు బడికి పోయే వేళకు, అందరూ వినేట్టు అరిచినాడు. “ఇదేమన్నా తండా అనుకున్నారా? మనుషులుండే వీధి ఇది” అన్నాడు.

ఆ రాత్రి అన్నాలప్పుడు ఆరో తరగతి పాప ఒకతి మా దగ్గరికొచ్చి అడిగింది, “మేడం, తండా అంటే తిట్టా?” అని.

తమ్ముళ్లూ, ఇన్నేళ్ల సర్వీసులో ఎన్నో ప్రశ్నలకు జవాబు చెప్పినాం. ఆ రాత్రి చెప్పలేకపోయినాం. “తినమ్మా ముందు” అన్నాం, అంతే.

మరుసటి రోజు పొద్దున ప్రేయర్లో చెప్పినాం. తండా అంటే బిడారు. మన బంజారా పెద్దలు వేల ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని దేశమంతా తిరిగినప్పుడు, ఆ నడిచే గుంపు పేరు తండా. అది ఆగిన చోటుకీ అదే పేరు నిలిచింది. రైళ్లు వచ్చి ఆ వ్యాపారం పోయింది గానీ పేరు పోలేదు. సేవాలాల్ మహరాజ్ పుట్టిన చోటని మన పెద్దలు నమ్మే సేవాగడ్ మన గుత్తి దగ్గరే ఉంది, అదీ తండానే. ఎరుకల పిల్లలు కూడా మా హాస్టల్లో ఉన్నారు. వాళ్లకు ఇంకొక చరిత్ర చెప్పినాం. తెల్లవాళ్ల ప్రభుత్వం 1871లో క్రిమినల్ తెగల చట్టం తెచ్చింది, 1911లో దాన్ని మన మద్రాసు రాజ్యానికీ వర్తింపజేసింది. మన తాతలు ఏ తప్పూ చేయకపోయినా పేరు రాయించుకుని హాజరు వేయించుకోవాల్సి వచ్చింది. 1952 ఆగస్టు 31న దేశమంతటా ఆ చట్టం పోయింది. చట్టం పోయినా కొన్ని నోళ్లల్లో అది ఇంకా ఉంది. నిన్న గేటు దగ్గర మీరు విన్నది అదే అని చెప్పినాం.

పిల్లలు శ్రద్ధగా విన్నారు. కానీ అవ్వ ఇచ్చిన పెట్టను తెచ్చిన పాప చెయ్యెత్తింది. “మేడం, మరి నర్సక్క కూడా అట్లాంటి మనిషేనా?” అని అడిగింది.

అక్కడ మాకు కళ్లు తెరుచుకున్నాయి. ఇద్దరూ ఒకే కోడి గురించి వచ్చినారు, కానీ ఇద్దరిదీ ఒకే ఫిర్యాదు కాదు. ఆమెకు కావాల్సింది నిద్ర. ఆయనకు కావాల్సింది మనం అక్కడ లేకపోవడం. మేము రెండింటినీ ఒకే మూట కట్టి, నర్సమ్మ మీద కూడా కోపం పెట్టుకున్నాం. ఈ రోజు మీకు చెప్పాలనుకున్న అసలు మాట ఇదే. మన తప్పు ఏదో దాన్ని ముందు మనం దిద్దుకోవాల. అప్పుడు మిగిలేది ఎవరి తప్పో అందరికీ కనబడుతుంది.

సరే, దిద్దుకోవడం ఎట్ల? మొదట మేము చేసిన పని చెప్తాం, మీరు చేయకుండా ఉండటానికి. చీకటిగా ఉంటే కూయవని ఎవరో చెప్తే, గంపల మీద నల్ల టార్పాలిన్ పట్ట కప్పించినాం. ఏప్రిల్ మొదటి వారం. మన ఎండలు మీకు తెలుసు, రాత్రి పూట కూడా గోడలు కాలుతుంటాయి. ఒకనాడు పొద్దున పట్ట తీయడం ఆలస్యమైంది. ఎనిమిదింటికి తీస్తే పెద్ద పుంజు నోరు తెరుచుకుని పడిపోయి ఉంది. కోడికి చెమట పట్టదు. నోరు తెరిచి రొప్పుతూనే అది ఒంట్లో వేడి పోగొట్టుకుంటుంది. గాలి ఆడని చోట ఎంత రొప్పినా లాభం లేదు. ఆ పాప ఆ రోజు అన్నం తినలేదు. ఆ పుంజు చావు మా ఖాతాలోనే ఉంది.

ఇంకొక వింత జరిగింది. పెద్ద పుంజు పోయింది కదా, ఇంక మిగిలింది నెమ్మదస్తుడే అనుకున్నాం. అది ఎప్పుడూ పెద్దది కూసినాకే కూసేది. కానీ రెండు రోజులు తిరగక ముందే అదే తొలికోడి అయ్యి కూర్చుంది. ఇదేందని పిల్లలు, సైన్సు టీచరు కలిసి వెతికి చదివినారు. జపాన్‌లో నగోయా విశ్వవిద్యాలయం శాస్త్రజ్ఞులు 2013లోనూ, 2015లోనూ దీని మీద పరిశోధనలు అచ్చేసినారు. వాళ్లు తేల్చిన సంగతులు మనకు బాగా పనికొస్తాయి. ఒకటి, పుంజు వెలుతురు చూసి కూయదు. దాని ఒంట్లోనే ఒక గడియారం ఉంది. ఎప్పుడూ మసక వెలుతురే ఉన్న గదిలో పెట్టినా రోజుకోసారి ఆ వేళకు కూస్తూనే ఉంది. తెల్లవారడానికి సుమారు రెండు గంటల ముందే మొదలుపెడుతుంది. రెండు, వేళ కాని వేళలో కూడా వెలుతురు పడినా, పక్క పుంజు కూత వినబడినా కూస్తుంది. మూడు, నాలుగైదు పుంజులుంటే వాటిల్లో పెద్దరికం ఉన్నదే ముందు కూస్తుంది, మిగతావి వరసగా అందుకుంటాయి. దాన్ని తీసేస్తే దాని తర్వాతది ముందుకొస్తుంది. మా వంటగది వెనక జరిగిందీ అదే.

కాబట్టి ‘కూయని జాతి పుంజు ఉంది’ అని ఎవరైనా ఎక్కువ డబ్బు అడిగితే నమ్మకండి. అసీల్ అయినా, కడక్‌నాథ్ అయినా, కర్ణాటక సరిహద్దున సంచార జాతులవాళ్లు పెంచుకుంటూ వచ్చిన ఘాగస్ అయినా, హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ ఇచ్చిన వనరాజా అయినా, పుంజైతే కూస్తుంది. గొంతు సన్నమో లావో ఉంటుంది, అంతే తేడా. బెల్జియంలో శాస్త్రజ్ఞులు పుంజు చెవి దగ్గరే కొలిస్తే ఆ కూత 140 డెసిబెళ్లు దాటింది. మరి దానికి చెవుడు ఎందుకు రాదంటే, కూతకు నోరు తెరిచినప్పుడు దాని చెవి రంధ్రం దానంతట అదే మూసుకుంటుంది. పక్కింటివాళ్లకు ఆ సౌకర్యం లేదు కదా!

మా గూటికి దారి చూపించింది మాత్రం శాస్త్రజ్ఞులు కాదు. ఆ పాప వాళ్ల అవ్వ. మనవరాలిని చూడ్డానికి ఆదివారం వచ్చి, వెనక్కి పోయి గంప చూసింది. “ఈ గంపెవరు అల్లినారు మే? ఇంత ఎత్తా? పుంజు లేసి నిలబడి మెడ సాచే ఎత్తుంటే కూయక ఏం జేస్తాది?” అనింది. ఆమె ఎరుకల మనిషి, బతుకంతా ఈతబరికెలు చీల్చి గంపలు అల్లిన చెయ్యి. పుంజు గట్టిగా కూయాలంటే కాళ్ల మీద లేచి, మెడ పైకి సాచాల. పడుకోడానికి, తిరగడానికి చోటుండి, మెడ సాచేంత ఎత్తు లేకపోతే కూత సగానికి సగం దిగిపోతుంది. ఇది ఆమె ఏ పుస్తకంలోనూ చదవలేదు. తర్వాతి వారం వెడల్పుగా, ఎత్తు తక్కువగా ఒక గంప అల్లి పంపింది. కన్నాలు గాలి ఆడేంత ఉన్నాయి.

ఇంక ఒంటిగంట కూత సంగతి. పిల్లలు రాత్రి వంతులేసుకుని కిటికీలోంచి చూసినారు. హాస్టల్ మూలన కొత్తగా వేసిన ఎల్ఈడీ వీధి దీపం సూటిగా గంప మీదే పడుతోంది. పుంజుకు అది రాత్రో పగలో ఎట్ల తెలుస్తుంది? గంపను గోడ నీడకు జరిపి, దీపం వైపు మాత్రమే బోద తడిక అడ్డం పెట్టినాం. మిగతా మూడు వైపులా గాలి వస్తుంది. ఆ రాత్రి నుంచి ఒంటిగంట కూత ఆగిపోయింది.

ఇప్పుడు మా హాస్టల్ నోటుబుక్కులో పిల్లలు రాసుకున్న సూత్రాలు చదువుతాం. ఇంటికి పోయినాక చేసి చూడండి.

మొదటిది, గుడ్ల కోసమైతే పుంజు అక్కర్లేదు. పుంజు లేకపోయినా పెట్ట గుడ్లు పెడుతుంది. చాలామంది ఇది నమ్మరు, కానీ నిజం. పిల్లలు కావాలంటేనే పుంజు కావాల. అప్పుడు కూడా పది పెట్టలకు ఒక్క పుంజు చాలు. ఒకసారి పుంజుతో కలిసిన పెట్ట వారం పది రోజులు పిల్లలయ్యే గుడ్లు పెడుతుంది. కాబట్టి కాలనీలో ఇంటికొక పుంజు ఎందుకు? వీధికొకటి పెట్టుకుని వంతులవారీగా తిప్పుకోవచ్చు. లేదంటే పుంజును తండాలోనే ఉంచి, అక్కడి గుడ్లు తెచ్చి ఇక్కడ పొదగేసుకోవచ్చు.

రెండోది, రెండు పుంజుల్ని ఒకదానికొకటి వినబడే దూరంలో పెట్టొద్దు. సవాలు జవాబు మొదలైతే ఆగదు. లేత పుంజులు మూడు నాలుగు నెలలకు కూత అందుకోగానే, మంచిదొకటి ఉంచుకుని మిగతావి సంతకు తోలేయాల. పందేల కోసం నాలుగైదు పుంజుల్ని వరసగా కట్టేసేవాళ్లకు ఇంకొక మాట. కోడిపందెం చట్టప్రకారం నేరం. జంతు హింస నివారణ చట్టం 1960 నుంచీ ఉంది, మన రాష్ట్ర జూద నిరోధక చట్టం 1974 నుంచీ ఉంది. కేసు పడితే పోయేది మీ ఉద్యోగం దరఖాస్తే.

మూడోది, గూడు ఎక్కడ పెట్టాలి? పక్కింటి పడకగది గోడకు ఎంత దూరం వీలైతే అంత దూరం. ఆరుబయట దూరం రెట్టింపు అయిన ప్రతిసారీ శబ్దం ఆరు డెసిబెళ్లు తగ్గుతుంది. అంటే రెండు మీటర్ల నుంచి నాలుగు మీటర్లకు జరిపినా తేడా తెలుస్తుంది. మిద్దె మీద పెట్టొద్దు, అక్కడి నుంచి కూత వీధంతా పోతుంది. రేకుల గూడు శబ్దాన్ని పెంచుతుంది, పైగా ఎండకు కాలుతుంది. మట్టి గోడ, బోద కప్పు రెండు విధాలా మేలు. మన కొట్టాలు కట్టిన తాతలకు ఇది తెలుసు.

నాలుగోది, రాత్రి చీకటి, గాలి రెండూ ఉండాల. వీధి దీపం, బండి లైటు పడకుండా ఒక పక్క తడిక చాలు. ప్లాస్టిక్ పట్ట కప్పొద్దు. మా పుంజును తలుచుకోండి. పొద్దున ఆరు దాటినాక గూడు తెరవండి, మేత, నీళ్లు వెంటనే పెట్టండి.

ఐదోది, మెడకు పట్టీ బిగించడం, రబ్బరు బ్యాండు వేయడం, గొంతు కోయించడం లాంటివి చేయొద్దు. రొప్పి బతికే పక్షికి మన ఎండలో మెడ బిగించడమంటే ఉరి వేయడమే.

ఆరోది అన్నిటికంటే ముఖ్యం. కోడిని తెచ్చుకునే ముందే పక్కింటికి పోయి చెప్పండి. కూత ఎక్కువైతే చెప్పమనండి. వాళ్లు మన గడప తొక్కి చెప్పేదాకా ఆగొద్దు.

చట్టం కూడా తెలుసుకోండి. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లు హద్దు. రాత్రి అంటే పది నుంచి పొద్దున ఆరు వరకు. పదిమందికి ఇబ్బంది కలిగించేదాన్ని తొలగించమని ఆదేశించే అధికారం భారతీయ నాగరిక సురక్షా సంహిత 152వ సెక్షన్ కింద ఆర్డీవో లాంటి మేజిస్ట్రేటులకు ఉంది. 2025 ఫిబ్రవరిలో కేరళలోని అడూర్‌లో ఇట్లాంటి తగాదానే వచ్చింది. తెల్లవారుజామున మూడింటికి పక్కింటి పుంజు కూతకు నిద్ర లేదని ఒక పెద్దాయన ఫిర్యాదు చేసినాడు. ఆర్డీవో ఇద్దరినీ పిలిచి విన్నాడు, స్థలం చూపించుకున్నాడు. పై అంతస్తులో ఉన్న కోళ్ల గూటిని రెండు వారాల్లోపు ఇంటికి దక్షిణం వైపు మార్చమన్నాడు. గమనించినారా? కోడిని చంపమనలేదు, మనిషిని వెళ్లిపొమ్మనలేదు. గూడు జరపమన్నాడు. ఆ గూటిని మనమే ముందు జరుపుకుంటే ఆర్డీవో దాకా పోయే పనేముంది?

ఫ్రాన్స్‌లో ఇంకొక మాదిరి జరిగింది. ఓలెరాన్ అనే దీవిలో మోరిస్ అనే పుంజు మీద, అక్కడికి సెలవులకు వచ్చే పక్కింటివాళ్లు కోర్టుకు పోయినారు. 2019 సెప్టెంబరులో కోర్టు పుంజు పక్షానే తీర్పు చెప్పింది. తర్వాత 2021 జనవరిలో ఆ దేశం పల్లెటూరి శబ్దాలను, వాసనలను వారసత్వంగా గుర్తిస్తూ చట్టమే చేసింది. పల్లెకు వచ్చినవాడు పల్లె కూతను భరించాల అన్నారు అక్కడ. మరి టౌనుకు వచ్చిన మనం? టౌను నిద్రను గౌరవించాల. రెండూ ఒకే న్యాయం.

మా కథ చివరికి వస్తాం. ఏప్రిల్ చివర్లో నర్సమ్మ మళ్లీ వచ్చింది. “కోళ్లను అమ్మేసినారా మేడం? రాత్రి వినబడలేదే” అనింది. లేదమ్మా అని వెనక్కి తీసుకుపోయి గంప చూపించినాం. ముందు ఆమెకు క్షమాపణ చెప్పినాం, పిల్లల ముందే. పుంజు ఇప్పటికీ కూస్తుంది, తెల్లవారేటప్పుడు నాలుగైదు కూతలు, గొంతు తగ్గించుకుని. “ఆ వేళకైతే ఫర్వాలేదు, నాకూ లేవాల్సిన పని ఉంటుంది” అనిందామె.

వీధి చివరింటి పెద్దాయన కూడా వచ్చినాడు. ఆయనకు కోడి కూత ఆగిన సంగతే తెలియదు. ఈసారి పిల్లలు గేటు దగ్గర నిలబడి మాట్లాడుకుంటున్నారని ఫిర్యాదు. మేము ఆయన్ను కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, పిల్లల నోటుబుక్కు చూపించినాం. ఏ రాత్రి ఏ వేళకు పుంజు కూసిందో నెల రోజుల లెక్క అందులో ఉంది. “మా వల్ల మీకు ఇబ్బంది ఉంటే చెప్పండి, సరిదిద్దుకుంటాం. తండా అనే మాటను మాత్రం మా పిల్లల ముందు తిట్టుగా వాడొద్దు” అన్నాం. ఆయన ఏమీ అనకుండా లేచి వెళ్లినాడు. మారినాడని మేము చెప్పలేం. కానీ ఆ మాట మళ్లీ మా గేటు దగ్గర వినబడలేదు. వినబడి ఉంటే, 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం ఉంది. పదిమందిలో కులం పేరుతో అవమానించడం నేరం. ఆ తలుపు తట్టడానికి మాకు భయం ఉండేది కాదు, ఎందుకంటే అప్పటికి మా పుంజు మీద వేలెత్తి చూపడానికి ఏమీ మిగల్లేదు.

చివరిగా ఒక చిన్న సంగతి. ప్రపంచంలోని ఇంటి కోళ్లన్నీ అడవికోడి నుంచి వచ్చినవే. వాటిల్లో చాలావాటి కాళ్లకు, చర్మానికి ఉండే పసుపు రంగు మాత్రం మన దక్షిణ భారతదేశపు బూడిదరంగు అడవికోడి ఇచ్చిందని 2008లో శాస్త్రజ్ఞులు కనిపెట్టినారు. మన అడవిలో పుట్టింది ప్రపంచమంతా పోయి, ప్రతి ఊరిలో పక్కిళ్ల మధ్య బతకడం నేర్చుకుంది. మనమూ అంతే కదా. ఎక్కడికి పోయినా గొంతు పోగొట్టుకోకూడదు. ఏ వేళకు ఎంత గొంతు ఎత్తాల్నో తెలుసుకోవాల.

ఈ రాత్రి ఇంటికి పోయినాక ఒక పని చేయండి. మీ గూడు ఉన్న చోటు నుంచి కాదు, పక్కింటి కిటికీ దగ్గర నుంచి మీ ఇంటి వైపు చూడండి. వీధి దీపం ఎక్కడ పడుతుందో, గోడ ఎంత దగ్గరో చూడండి. రేపు పొద్దున గంప జరపండి. ఎత్తు తక్కువ గంప కావాలంటే మీ ఊరి ఎరుకల అవ్వను అడగండి. డబ్బు ఇచ్చి తీసుకోండి, ఊరికే అడగొద్దు. ఆ చేతి పని ఆగిపోతే మళ్లీ నేర్పేవాళ్లు దొరకరు.

ఆరో తరగతి పాప ఇప్పుడు ఏడుకు వచ్చింది. జూన్‌లో హాస్టల్ తెరిచినప్పుడు కొత్తగా చేరిన పిల్లలకు ఊరి పేరు చెప్పమంటే, తడబడుతున్న ఒక చిన్నదాని భుజం మీద చెయ్యేసి, “తండా అని గట్టిగా చెప్పు, ఏం కాదు” అనింది. మాకు ఆ మాట చాలు.

జై సేవాలాల్! జై ఏకలవ్య!